పొద్దున్నే అరగంట కళ్లెకే కేటాయించాను

బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు సాగి వెడల్పై, వాటిలో కళ్లె నిలిచిపోయే జబ్బు) వల్ల వచ్చే దగ్గు పూర్తిగా పోవడానికి ఏ మందు వాడాలని మీరు అడిగారు. సాగి వెడల్పైన శ్వాసనాళాలు మళ్లీ కుదురుకోవు కనుక, పూర్తిగా పోగొట్టే మందు లేదు. నాకు ఇరవై మూడో ఏట క్షయ వచ్చి ఆరు నెలల మందులతో నయమైంది గాని, ఎడమ ఊపిరితిత్తి కింది భాగం పాడైపోయి ఈ జబ్బు మిగిలింది. ఈ జబ్బున్న భారతీయ రోగుల వివరాలు నమోదు చేసి 2019లో వెలువరించిన అధ్యయనంలోని 2,195 మందిలో మూడో వంతుకు పైగా నాలాగే క్షయ తరువాత దీని బారిన పడినవారే.

తొమ్మిదేళ్లపాటు, రాత్రి నిద్ర పట్టాలని దగ్గును అణిచే సిరప్పులు తాగుతూ కళ్లెను లోపలే నిలవ చేసుకున్నాను. తెమడ పరీక్షైనా చేయించకుండా, ఎక్స్‌రేలో పాత మచ్చను చూసి మళ్లీ క్షయ మందులు మొదలుపెట్టబోయిన వైద్యులు ఇద్దరు. బంధువుల మిరియాల కషాయాల సంగతి, బస్సులో నేను దగ్గగానే సీటు మారేవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

చివరికి సీటీ స్కాన్‌లో జబ్బు తేలాక ఒక ఫిజియోథెరపిస్టు గారు నన్ను కుడి పక్కకు తిప్పి పడుకోబెట్టి, మంచం కాళ్ల వైపు రెండిటుకల ఎత్తు లేపించి, నిండుగా గాలి పీల్చి మూడు దాకా లెక్కపెట్టాక, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు నోరు బాగా తెరిచి ‘హా’ అని వదలమన్నారు. నాలుగోసారికి ఛాతీలో ఏదో గురగురమని కదిలింది. పావుగంటలో సగం టీ గ్లాసు పచ్చని కళ్లె పడింది. సిగ్గుతో గ్లాసు దాచబోతే, “దాచకండి, రంగు చూడనివ్వండి” అన్నారావిడ. ఆ రాత్రి సిరప్పు లేకుండానే నిద్రపోయాను.

అప్పటినుంచి రోజూ పరగడుపున, డాక్టరు గారు రాసిచ్చిన 3 శాతం ఉప్పునీటిని నెబ్యులైజర్‌లో పీల్చి ఇదే చేస్తున్నాను. ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవారు మాత్రం తల దించి పడుకోకూడదు. వారికి కూర్చుని చేసే పద్ధతులున్నాయి. కళ్లె ఎంత పడింది, ఏ రంగులో ఉంది అన్నది గోడ క్యాలెండరులో, గ్యాస్ బుక్ చేసిన తేదీల పక్కనే రాసుకుంటాను. తెల్లగా ఉండేది చిక్కని ఆకుపచ్చకు తిరిగి, పరిమాణం పెరిగి, ఆయాసం కూడా తోడైతే, ముందుగా తెమడను కల్చర్‌కు (అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) ఇచ్చి, ఆ తరువాతే డాక్టరు గారు చెప్పిన యాంటీబయాటిక్ మొదలుపెట్టి, మధ్యలో మానకుండా పద్నాలుగు రోజులూ వాడతాను. రక్తం పడితే మాత్రం క్యాలెండరు జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.