దేశం మొత్తం ఇళ్ళనూ జనాన్నీ విపత్తు ప్రణాళిక కోసం మ్యాపు చేయడం ఎలా? నేపాల్ లెక్కతో

ప్రశ్న: భూకంపం వస్తే ఎక్కడ ఎంతమందికి ముప్పో అంచనా వేయడానికి దేశంలోని భవనాలన్నీ, జనాభా అంతా మ్యాపులోకి ఎక్కించాలి. ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన ఉచిత డేటా సరిపోతుందా?

సరిపోదు. కప్పుల ఆకారాలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. కష్టమంతా ఆ కప్పు కింద గోడ దేనితో కట్టారు, లోపల ఏ వేళకు ఎంతమంది ఉంటారు అన్నదాని దగ్గరే. నేపాల్‌లో రెండు భూకంపాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2015 ఏప్రిల్ 25న వచ్చినదాని తీవ్రత 7.8. అది శనివారం, పగలు పన్నెండుకు కాస్త ముందు. అక్కడ వారాంతపు సెలవు శనివారమే కాబట్టి బడులు ఖాళీ, పల్లెల్లో చాలామంది ఆరుబయట ఉన్నారు. అయినా దాదాపు 9,000 మంది పోయారు. 2023 నవంబర్ 3న పశ్చిమ నేపాల్‌లోని జాజర్‌కోట్ జిల్లాలో వచ్చినది అమెరికా భూగర్భ సర్వే లెక్క ప్రకారం 5.7 మాత్రమే. కానీ రాత్రి 11:47కి వచ్చింది. రాయీ మట్టీ పేర్చి కట్టిన ఇళ్ళలో జనం నిద్రలో ఉన్నారు, 150 మందికి పైగా చనిపోయారు. మీ మ్యాపు ఈ రెంటికీ ఒకే జనాభా చూపిస్తే దానితో ప్రణాళిక వేయలేరు.

ముందు ఆకారాల సంగతి. ఉపగ్రహ చిత్రాల నుంచి యంత్రం గీసిన గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ డేటా మూడో విడతలో 180 కోట్ల భవనాలున్నాయి, దక్షిణాసియా అందులో ఉంది. మైక్రోసాఫ్ట్ డేటా వేరుగా ఉంది. ఎవరైనా గీసి చేర్చగల ఉచిత మ్యాపు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో కాఠ్మాండూ లోయ చాలావరకు మనుషులు చేత్తో గీసినదే. కలిపేటప్పుడు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌ను అడుగున పెట్టి, దానితో 30 శాతం కంటే ఎక్కువ అతివ్యాపించే యంత్రపు ఆకారాలను తీసేయండి. మిగిలిన ఖాళీలు మాత్రమే గూగుల్, మైక్రోసాఫ్ట్‌లతో నింపండి. గూగుల్ ప్రతి ఆకారానికీ 0.65 నుంచి 1 వరకు కాన్ఫిడెన్స్ స్కోరు (అది నిజంగా భవనమే అన్న నమ్మకం ఎంతో చెప్పే అంకె) ఇస్తుంది. దేశమంతటికీ ఒకే స్కోరు దగ్గర కోయకండి. ఏ ప్రాంతంలో ఏ స్కోరు పెడితే 80, 85, 90 శాతం కచ్చితత్వం వస్తుందో వాళ్ళే వేరే ఫైలులో ఇస్తారు, అది వాడండి.

ఇక్కడ జరిగే పొరపాట్లు అన్నీ ఒక రకం కావు. కొండల్లో గడ్డివాములు, పశువుల కొట్టాలు, లోయలో కూరగాయల ప్లాస్టిక్ టన్నెళ్ళు ఇళ్ళుగా పడతాయి. కాఠ్మాండూ లోయలోని పాటన్, భక్తపూర్ పాత బస్తీల్లో దీనికి తలకిందులు: గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ వరుస మొత్తం ఒకే ఆకారంగా వస్తుంది. అందుకే పట్టణాల్లో ఆకారాల సంఖ్యను నమ్మకుండా వైశాల్యాన్నే లెక్కకు తీసుకోవాలి. నిట్రవాలులో చిత్రం పక్కకు జరిగి ఉంటే ఇల్లు వాగులో పడినట్టు కనిపిస్తుంది. వరద మ్యాపుతో కలిపే ముందు ఇది సరిచూడాల్సిందే. వైశాల్యం విషయంలో ఇంకో చిక్కు: 84 డిగ్రీల రేఖాంశం నేపాల్‌ను రెండు యూటీఎం జోన్లుగా (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతిలోని పట్టీలు), 44, 45గా చీలుస్తుంది. ఒకే జోన్‌లో దేశమంతా కొలిస్తే అంచుల దగ్గర తప్పు పెరుగుతుంది. మ్యాపు డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌జీఐఎస్‌లో జాగ్రఫీ రకానికి (భూమి గుండ్రాన్ని లెక్కలోకి తీసుకునేది) మార్చి వైశాల్యం తీయడం సులువు.

తర్వాత 250 మీటర్ల గళ్ళు తీసి తరాయి (దక్షిణపు మైదానం), కొండ, పట్టణం మూడింటి నుంచీ యాదృచ్ఛికంగా ఎంచి, వాటిలోని భవనాలను చిత్రం చూసి చేత్తో లెక్కపెట్టండి. తప్పిపోయినవి ఎన్ని, లేనివి ఎన్ని పడ్డాయి అన్నవి విడివిడిగా రాసుకోండి. రెంటినీ కలిపి ఒకే శాతం చెబితే ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి.

గోడ రకం జనగణన నుంచి రావాలి. 2021 జనగణనలో దేశ జనాభా దాదాపు 2.92 కోట్లు. 753 స్థానిక పాలికలు (పట్టణ, గ్రామ పురపాలక సంస్థలు), వాటి కింద 6,743 వార్డులు. జనాభా వార్డు దాకా దొరుకుతుంది, గోడ, పునాది, కప్పు పట్టికలు పాలిక స్థాయిలో తీసుకోండి. గోడ పట్టిక ఒక్కటే చూడకండి, పునాది పట్టికతో కలిపి చూడండి. ఆర్‌సీసీ పిల్లర్లున్న ఇల్లూ, సిమెంటుతో పేర్చిన ఇటుక గోడల ఇల్లూ గోడ ప్రశ్నకు ఒకేలా జవాబిస్తాయి, వాటిని విడదీసేది పునాది ప్రశ్నే. ఇవన్నీ కుటుంబాల లెక్కలు, భవనాలవి కావు. కాఠ్మాండూలో ఒక పిల్లర్ బిల్డింగులో అంతస్తుకో అద్దె కుటుంబం ఉంటుంది కనుక, భవనానికి సగటున ఎన్ని కుటుంబాలో తేల్చి ఆ సంఖ్యతో భాగించకపోతే పట్టణంలో పక్కా భవనాలు ఉన్నవాటికంటే రెట్టింపై కూర్చుంటాయి.

2015లో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వం ఇంటికి 3 లక్షల నేపాలీ రూపాయలు విడతలుగా ఇచ్చింది. చాలామంది బీటలిచ్చిన పాత ఇంటిని అలాగే ఉంచి, పక్కన ఒకటి రెండు గదుల కొత్త ఇల్లు కట్టుకున్నారు. పైనుంచి చూస్తే రెండు కప్పులు, కుటుంబం మాత్రం ఒకటే. కొత్తది రాయీ మట్టిదే అయినా అడ్డ బ్యాండ్లు (గోడలను చుట్టూ పట్టి ఉంచే అడ్డ పట్టీలు) వేసి ఉంటే, అదే గోడ ఉన్న జాజర్‌కోట్ ఇంటితో ఒక వర్గంలో వేయకూడదు. జిల్లాను బట్టి వేరే రకం పేరు పెట్టండి.

ఫీల్డ్ సర్వే తప్పదు, కానీ ఇల్లిల్లూ తిరగక్కర్లేదు. ఫోనులో సర్వే ఫారాలు నింపే కోబో టూల్‌బాక్స్‌లో గోడ, రాళ్ళూ ఇటుకలూ అంటుకోవడానికి వాడినది, అంతస్తులు, కప్పు, బ్యాండ్లు, వాడకం, రాత్రి పడుకునేవాళ్ళు, ఫోటో ఉంటే చాలు. ప్లాస్టరింగ్ చేసిన గోడలో మట్టి ఉందో సిమెంటు ఉందో ఇంటి ఎదుటి వైపు చూస్తే తెలియదు. వెనక గోడ, అటక లోపలి వైపు చూడాలి.

జనాన్ని పంచే లెక్క చాలా మామూలుది. వార్డులో 3,000 మంది, నివాస అంతస్తుల వైశాల్యం మొత్తం 60,000 చదరపు మీటర్లు అనుకుందాం. మనిషికి 20 వస్తుంది. 50 చదరపు మీటర్ల అడుగుతో రెండంతస్తుల ఇంటికి 100, అంటే ఐదుగురు. బడులు, గోదాములు ముందే తీసేయాలి. ధాన్యం పోసుకునే అటకను అంతస్తుగా వేయకూడదు. ఇంటికి 4.6 మంది వస్తే 5గా గుండ్రం చేయకండి, వార్డు మొత్తం చెడుతుంది. ఇది రాత్రి లెక్క. పగటికి బడి పిల్లల్ని బడి భవనాల్లోకి, పొలం పనివాళ్ళను బయటికి మార్చి ఇంకో కాలమ్ పెట్టాలి. విదేశాల్లో ఉన్నవాళ్ళు దాదాపు 22 లక్షలని జనగణన చెప్పింది, కొండ వార్డుల్లో తాళం వేసిన ఇళ్ళకు ఇదొక కారణం.

ఇంత చేయలేమనుకుంటే జనాభాను గళ్ళుగా పంచి ఉచితంగా ఇచ్చే వరల్డ్‌పాప్ 100 మీటర్ల గ్రిడ్ ఉంది. భవనాలున్న గళ్ళకే పరిమితం చేసిన రకం తీసుకోండి, రెండోది ఖాళీ కొండవాలు మీద కూడా మనుషుల్ని చల్లుతుంది. ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) మార్చేటప్పుడు బైలీనియర్ (పక్క గళ్ళ సగటు తీసే పద్ధతి) పెడితే మొత్తం జనాభా మారిపోతుంది. మ్యాపు ఫైళ్ళను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ జీడాల్‌లో 3.1 వెర్షన్ నుంచి గళ్ళు మార్చడానికి మొత్తం కూడే పద్ధతి ఉంది, దాన్నే పెట్టండి.

చివరికి భూకంప నష్టాన్ని లెక్కగట్టే ఓపెన్‌క్వేక్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళే పట్టికలో చోటు, రకం, సంఖ్య, వైశాల్యం, పగలు, రాత్రి, ప్రయాణ వేళల జనం ఉంటే సరిపోతుంది. బయటికి ఇచ్చేటప్పుడు వార్డుగానో కిలోమీటరు గడిగానో ఇవ్వండి, ఏ ఇంట్లో ఎందరు పడుకుంటారో బయటపెట్టకండి.

ఇదే ఆంధ్ర, తెలంగాణలకు చేయబోయేవాళ్ళకు: మన దగ్గర చేతిలో ఉన్న జనగణన 2011ది. తెలంగాణ 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 13 ఉన్నవి 2022లో 26 అయ్యాయి. జిల్లా కోడ్లతో కలపబోతే సగం వరుసలు జత పడవు. పల్లె కోడ్ల దగ్గర మొదలుపెట్టి పైకి కూడుకుంటూ రండి.