చదువునీ నేరాన్నీ ఒకే జవాబులో కలపాలంటే స్టూవర్టుపురం ఉదాహరణ చాలు

"డర్క్‌హైమ్ ఒకటి చెప్తాడు, బెకర్ ఇంకోటి చెప్తాడు, చదువునీ నేరాన్నీ ఒకే జవాబులో ఎలా కలపాలి" అని సోషియాలజీ పరీక్షకు చదువుతూ అడిగారు. ఆ ఇద్దరూ సమాజ శాస్త్రవేత్తలే. సిద్ధాంతాలతో మొదలుపెట్టకండి, పేజీ నిండుతుంది గానీ మార్కులు రావు. ఒక ఊరు పట్టుకోండి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం.

కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తరాదిలో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల తెగ వాళ్లను అందులో నమోదు చేసి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ స్టూవర్టుపురంలో నడిపిన సెటిల్‌మెంట్‌లో పెట్టారు. హాజరు పలకాలి, అనుమతి లేకుండా పొలిమేర దాటకూడదు. దాటితే అదే నేరం! సమాజం వేసే ముద్రే మనిషిని నేరస్థుణ్ని చేస్తుందని బెకర్ 1963లో చెప్పిన ముద్ర సిద్ధాంతానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు. మనిషి ఏం చేశాడన్నది కాదు, ఏ తెగలో పుట్టాడన్నదే లెక్క.

ఇక చదువు. ఆ 1911 చట్టమే పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. మీ రెండు అంశాలూ కలిసేది సరిగ్గా ఇక్కడే. బడి సమాజపు విలువల్ని పిల్లలకు అందిస్తుందని డర్క్‌హైమ్ అంటాడు కదా, ఎవరి విలువలు అని మీరు అడగండి. పరీక్షకులకు నచ్చేది ఆ ప్రశ్నే.

ఆశలకూ అవకాశాలకూ మధ్య తేడాతో నేరాన్ని వివరించిన మరో సమాజ శాస్త్రవేత్త మెర్టన్‌కు రెండు వాక్యాలు చాలు: ఆశలు అందరికీ, దారులు కొందరికే.

1952లో కేంద్రం చట్టాన్ని రద్దు చేసినా, పదేపదే నేరం చేసేవాళ్లని ముద్ర వేసి నిఘా పెట్టే అలవాటు నేరస్థుల చట్టాలు మిగిలాయి. జవాబు చివర్లో ఇది తప్పకుండా రాయండి, చాలామంది వదిలేస్తారు.