ఐరన్ వేడెక్కక ముందే

చిరంజీవి మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. బేస్ గిటార్‌లో పాత ప్రీయాంప్‌ను, అంటే ధ్వనిని పెంచి తగ్గించే బ్యాటరీ సర్క్యూట్‌ను తీసేసి కొత్తది నీ చేత్తోనే బిగించుకోవాలని ఉందన్నావు. సంతోషం. చేయగలవు కూడా. టంకం వేసే పని మహా అయితే రెండు గంటలు. పని బాగుపడేదీ చెడేదీ మాత్రం అంతకు ముందే, మూత విప్పి లోపల ఏముందో చూసుకునే దగ్గర. అందుకే టంకం వేసే ఐరన్ ముట్టుకోక ముందు చేయవలసిన వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను. ఓపికగా చదువు.

మొదట ఒక సంగతి తేల్చుకో. ధ్వని గరగరలాడుతోందన్నావు. అది నిజంగా ప్రీయాంప్ దోషమేనా? గట్టిగా మీటినప్పుడే స్వరం పగులుతుంటే బ్యాటరీ తీసి మల్టీమీటర్‌తో చూడు. 9 వోల్టుల కొత్త బ్యాటరీ తొమ్మిదికి కాస్త పైనే చూపిస్తుంది. ఏడుకు దిగిపోయి ఉంటే వెంటనే మార్చి మళ్లీ విను. నాబ్ తిప్పేటప్పుడు మాత్రమే బరబరమంటే ఆ నాబ్ కింద తిరిగే పాట్‌లో దుమ్ము చేరినట్టు. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. ధ్వనిలో జీవం లేదనిపిస్తే తీగలు మార్చి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకో, తీగల కదలికను పట్టుకునే పికప్ ఎత్తు కూడా చూసుకో. పికప్ పట్టుకున్నదాన్నే ప్రీయాంప్ పెంచగలదు, తగ్గించగలదు. పికప్ పట్టుకోనిదాన్ని అది పుట్టించలేదు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌లో బ్యాటరీ అన్నదే లేదు. లోపల ప్రీయాంప్‌తో 1976లో స్టింగ్‌రే బేస్ బయటికి వచ్చేదాకా ఎక్కువమంది బ్యాటరీ లేకుండానే వాయించారు. అవసరమైతేనే మార్చు. మార్చినా పాతదాన్ని వైర్లతో సహా దాచి ఉంచు.

ఇవన్నీ చూశాక కూడా మార్చాలనే అనిపిస్తే, కొనక ముందు స్కేలు పట్టుకుని, మూత కింద వైర్లుండే గూడు లోతు, పొడవు, వెడల్పు కొలిచి కాగితం మీద రాసుకో. అందరూ మరిచిపోయేది లోతే. సర్క్యూట్ బోర్డు పట్టినా, దాని మీద వైర్లు వంగడానికి చోటు లేక మూత పడదు. తర్వాత పాట్ల రంధ్రాలు. చిన్న పాట్లకు 7 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది, పెద్దవాటికి తొమ్మిదిన్నర దాకా కావాలి. పెద్దది చేయవలసి వస్తే చేత్తో తిప్పే రీమర్ వాడు. డ్రిల్ పెడితే అంచున వార్నిష్ పెచ్చులుగా లేస్తుంది. పాట్ కాడ నున్నగా ఉందో పళ్లతో ఉందో చూసుకుంటేనే నీ పాత నాబ్‌లు దానికి పడతాయో లేదో తెలుస్తుంది. రెండు బ్యాటరీలతో 18 వోల్టులు ఇస్తే ధ్వని గొప్పగా ఉంటుందని నీ స్నేహితులు అన్నారట. గట్టి మీటుకు స్వరం పగలకుండా కాస్త వెసులుబాటు దొరుకుతుంది, అంతే. తయారీదారు ఇచ్చిన కాగితంలో 18 వోల్టులకు అనుమతి ఉంటే తప్ప ఆ పని చేయకు.

ఇక మూత విప్పాక ఏ వైరునూ కదపకుండా నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయి. ప్రతి వైరుకూ చిన్న టేపు ముక్క చుట్టి ఎక్కడిదో రాయి: మెడవైపు పికప్, బ్రిడ్జ్ (తీగల అడుగు కొసలు ఆనే లోహపు ముక్క) వైపు పికప్, జాక్ (కేబుల్ దూర్చే చోటు). గూటి గోడలోని సన్నని రంధ్రం నుంచి ఒంటరిగా వచ్చి ఏదో ఒక పాట్ వీపుకు అతికి ఉన్న వైరు కనిపిస్తుంది. అది బ్రిడ్జ్ గ్రౌండ్, అంటే బ్రిడ్జ్‌ను సర్క్యూట్ గ్రౌండ్‌కు (సున్నా వోల్టుల వైపుకు) కలిపే వైరు. దాన్ని కత్తిరించకు, లాగకు. లోపలికి జారిపోతే మళ్లీ తీయడానికి బ్రిడ్జ్ విప్పాలి. నీ వేళ్లు తీగలను తాకగానే గుయ్‌మనే శబ్దం తగ్గేది ఆ ఒక్క వైరు వల్లే.

ఇప్పుడు జాక్ సంగతి. ఈ పనిలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చెబుతాను. నీ కేబుల్ మోనో అయినా బేస్‌లోని జాక్ స్టీరియోదే అయి ఉండాలి. దానికి టిప్, రింగ్, స్లీవ్ అని మూడు కొసలు. టిప్‌కు ప్రీయాంప్ నుంచి వచ్చే ధ్వని వైరు, స్లీవ్‌కు గ్రౌండ్, రింగ్‌కు బ్యాటరీ నల్ల వైరు. కేబుల్ లేనప్పుడు ఆ నల్ల వైరు దేనికీ కలవదు, సర్క్యూట్ నిద్రపోతుంది. మోనో ప్లగ్ దూర్చగానే దాని పొడవాటి లోహపు ఒళ్లు రింగ్‌నూ స్లీవ్‌నూ కలిపేస్తుంది, బ్యాటరీ పని మొదలుపెడుతుంది. అంటే స్విచ్ వేరే ఎక్కడా లేదు, ఆ ప్లగ్గే స్విచ్. ఏ కొస ఏదో కంటితో చూసి ఊహించకు. మల్టీమీటర్‌ను రెండు చోట్లు కలిసి ఉంటే కూసే అమరికలో పెట్టు. జాక్‌లో ఏమీ లేనప్పుడు, బయటి మరచుట్టుతో కలిపి మీటర్ కూసే కొస స్లీవ్. కేబుల్ దూర్చి, దాని అవతలి చివర మొనతో కలిపి కూసేది టిప్. మిగిలింది రింగ్. ఇన్నేళ్లయినా నేను ప్రతిసారీ ఇలాగే చూసుకుంటాను.

పాట్ల విలువల గురించి ఒక్క మాట. ప్రీయాంప్‌కు ముందు, పికప్‌ల వెంటనే వచ్చే వాల్యూమ్ పాట్ సాధారణంగా 250 కిలోఓమ్‌లు ఉంటుంది. ప్రీయాంప్ తర్వాత వచ్చేదైతే 25. రేఖాచిత్రంలో ఏది అడిగితే అదే పెట్టు. పాతది చేతిలో ఉంది కదా అని సర్దుకోకు.

టంకానికి గూట్లో తల దూర్చి కష్టపడనక్కరలేదు. అట్ట ముక్క మీద బేస్‌లో ఉన్న దూరాల్లోనే రంధ్రాలు చేసి పాట్లను అందులో నిలబెట్టు. వాటి మధ్య వైర్లన్నీ బల్ల మీదే అతికించుకుని, చివర్లో మొత్తం తీసి గూట్లో దించు. పికప్‌లు, జాక్, బ్రిడ్జ్ గ్రౌండ్ మాత్రమే లోపల మిగులుతాయి. ఆ కాసేపూ బేస్ మీద మందపాటి గుడ్డ కప్పు. ఒక్క వేడి చుక్క పడితే వార్నిష్ మీద మచ్చ శాశ్వతం. కిటికీ తెరిచి ఉంచు, పని అయ్యాక చేతులు కడుక్కో.

అతుకు ఎలా వేయాలో దగ్గరగా చూపించినట్టు చెబుతాను. వైరు కొస మెలిపెట్టి, దానికి ముందే పలచగా టంకం పట్టించు. ఐరన్ మొనను కొస, లోహం రెండూ తాకేలా ఆనించి రెండు క్షణాలు ఆగు. టంకం తీగను ఐరన్‌కు కాదు, వేడెక్కిన లోహానికి తాకించు. అది ఉండ కట్టకుండా నీటిలా పరుచుకుంటుంది. ముందు టంకం, తర్వాత ఐరన్ తీసేయి. అది గడ్డకట్టేదాకా చెయ్యి కదలకూడదు. సీసం కలిసిన టంకమైతే చల్లారాక నున్నగా మెరుస్తుంది. మసకగా, గరుకుగా కనిపిస్తే కదిలినట్టే, మళ్లీ వేడి చేయి. పాట్ వీపు చాలా వేడి తాగుతుంది. అక్కడ ముందు కాస్త గీకి, వెడల్పు మొన వాడు. చిన్న మొనతో నిమిషంసేపు పట్టుకుంటే అతుకు రాదు, లోపల పాట్ పాడవుతుంది.

ఒకసారి ఏం జరిగిందో చెప్పాలి. ఒకరి బేస్‌లో ప్రీయాంప్ పెట్టాను. మూత తీసి ఉంచి వాయిస్తే నిక్షేపంలా పలికింది. మూత బిగించి ఆయన చేతికిస్తే నిశ్శబ్దం. మళ్లీ విప్పితే పలికింది, మూస్తే పోయింది. అలా మూడుసార్లు. అతుకులన్నీ తిరగేసి, ఒక సాయంత్రమంతా పోగొట్టాక మూత లోపలి వైపు చూశాను. రొద అడ్డుకోవడానికి దాని మీద అంటించిన రాగిరేకుపై వెంట్రుకవాసి గీత ఒకటి మెరుస్తోంది. వాల్యూమ్ పాట్ కొస మూత పడగానే ఆ రేకును తాకి, ధ్వని మొత్తం గ్రౌండ్‌లోకి పోతోంది. ఆయన ఎంతో నమ్మి ఇచ్చిన వాయిద్యం అది. చాలా బాధపడ్డాను. అప్పటినుంచి రాగిరేకు ఉన్న ప్రతి గూట్లో పాట్ల కొసలకు ఎదురుగా ఇన్సులేషన్ టేపు అంటిస్తాను, సర్క్యూట్ బోర్డు కిందా చుట్టూ కూడా. నువ్వూ అంటించు.

బ్యాటరీ తగిలించేటప్పుడు ధ్రువాలు తారుమారు కానివ్వకు. సరిచూసుకోవడానికని తలకిందులుగా ఒక్క క్షణం ఆనించినా కొన్ని ప్రీయాంప్‌లు ప్రాణం వదిలేస్తాయి. తర్వాత యాంప్ వాల్యూమ్ బాగా తగ్గించి కేబుల్ పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో పికప్‌లను మెల్లగా తట్టు. ఒక్కొక్కటీ పలకాలి. రెండూ పూర్తిగా తెరిచినప్పుడు మంద్రం పోయి ధ్వని సన్నబడితే అవి ఒకదానికొకటి ఎదురు తిరిగాయన్నమాట. ఒక పికప్ రెండు వైర్లను తారుమారు చేయి, అయితే అందులో ఒకటి పికప్ తొడుగుకు కలిసి ఉందేమో ముందు చూడు. తీగలు తాకితే గుయ్‌మనడం తగ్గకుండా, జాక్ లోహం తాకితే తగ్గుతుంటే బ్రిడ్జ్ గ్రౌండ్ ఎక్కడో తెగింది.

ఆఖరిది, మూత బిగించక ముందు తప్పక చేయవలసినది. బ్యాటరీ క్లిప్‌ను పక్కకు తిప్పి ఒక్క బొత్తామే తగిలేలా పెట్టు. రెండో బొత్తానికీ క్లిప్‌కూ మధ్య మీటర్‌ను మిల్లీఆంపియర్లలో పెట్టి, కేబుల్ దూర్చి చూడు. చాలా ప్రీయాంప్‌లు ఒకటికి అటూ ఇటూగా తాగుతాయి. ఆల్కలైన్ బ్యాటరీలో దాదాపు 500 మిల్లీఆంపియర్ గంటలు ఉంటాయి కాబట్టి కేబుల్ తీయడం మరిచిపోతే మూడు వారాల్లో ఖాళీ. కేబుల్ తీసేశాక మీటర్ సున్నా చూపించాలి. చూపించకపోతే మూత వేయకు, జాక్ దగ్గర రింగ్ వైరు మళ్లీ చూడు.

కేబుల్‌తో ఎంత, కేబుల్ లేకుండా ఎంత, ఆ రెండు అంకెలూ నాకు రాసి పంపు. వాటితో పాటు గూటి ఫోటో ఒకటి.

ఇట్లు,
మీ మావయ్య