సమాధానం: ఎంసీహెచ్ తర్వాత పిల్లల గుండె సర్జరీ వైపు వెళ్లాలా?

డాక్టర్ గారూ, సీటీవీఎస్ (గుండె, ఛాతీ, రక్తనాళాల సర్జరీ)లో ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు రెండో ఏడాదిలో ఉన్నానని, పిల్లల గుండె ఆపరేషన్లంటే ఇష్టమని, ఇంట్లో మాత్రం "ఉద్యోగాలుండవు, బైపాస్‌లు చేసుకో" అంటున్నారని రాశారు. వెళ్లమనే చెప్తాను. కాకపోతే అన్నీ తెలుసుకుని వెళ్లండి.

మన దేశంలో ఏటా 2 లక్షలకు పైగా బిడ్డలు గుండె లోపంతో పుడుతున్నారని అంచనా. కొరత పేషెంట్లది కాదు, పూర్తి టీమున్న ఆసుపత్రులది. పిల్లల కార్డియాలజిస్టు, మత్తు డాక్టరు, ఆపరేషన్లో గుండె-ఊపిరితిత్తుల మెషిన్ నడిపే పెర్ఫ్యూజనిస్టు, రాత్రంతా కళ్లు మూయకుండా చూసుకునే ఐసీయూ నర్సులు లేకపోతే ఎంత మంచి సర్జనైనా ఏమీ చేయలేడు. అందుకే ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతం సంగతి తర్వాత, ముందు పిల్లల ఐసీయూలో బెడ్లెన్ని, నెల వయసు లోపు బిడ్డల కేసులు నెలకెన్ని అని అడగండి.

చేయి కుదరడానికి ఏళ్లు పడుతుంది, అది నిజం. ఎంసీహెచ్ అయ్యాక నాలుగో ఏడాదిలో గానీ ఆర్టీరియల్ స్విచ్‌లో (తారుమారైన గుండె పెద్ద ధమనులను సరిచేసే ఆపరేషన్) కరొనరీ, అంటే గుండె కండకు రక్తమిచ్చే నాళం, కుట్టే అవకాశం నాకు రాలేదు. తొమ్మిది రోజుల బిడ్డ. గుండె నిమ్మకాయంత కూడా లేదు, దారం వెంట్రుకంత. ఆ కుట్టు తర్వాత గుండె కండ గులాబీ రంగుకి తిరగడం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మొదట్లో సంపాదన బైపాస్ చేసే స్నేహితులకంటే తక్కువే. చాలా కేసులు ఆరోగ్యశ్రీలో వస్తాయి. పెద్దల సర్జరీ మానేయకండి, కొన్నేళ్లు రెండూ నడపొచ్చు.

సెలవు దొరికితే తిరుపతిలో 2021లో మొదలైన పిల్లల గుండె ఆసుపత్రి శ్రీ పద్మావతి హృదయాలయంలోనో, కొచ్చి అమృత ఆసుపత్రిలోనో అనుమతి అడిగి ఓ వారం ఆపరేషన్ థియేటర్లో నిలబడి చూడండి.