డబ్బా ఎక్కడ పెట్టావే?

అమ్మలూ,

నువ్వు వైరు లేకుండా వైఫైలోనే ఫైళ్లు దాచుకునే డబ్బా, అదే వైఫై డ్రైవు, కొన్నావనీ, ఇంట్లోవాళ్ల ఫోటోలూ వీడియోలూ అన్నీ అందులోకి ఎక్కిస్తున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో ఇన్నాళ్లకి ఒకరికి ఆ బుద్ధి పుట్టిందని పొంగిపోయాను. ఫోను పెట్టేశాక మాత్రం ఒకటే గుబులు. చెన్నైలో వానొస్తే మునిగే వేళచ్చేరిలో, అదీ కింది ఇంట్లో, ఆ డబ్బా ఎక్కడ పెట్టావే?

కంపెనీవాడిచ్చిన పాస్‌వర్డు ముందు మార్చెయ్. మొదటిసారి ఎక్కించేటప్పుడు రూటర్‌కి కేబులు తగిలించు. 400 జీబీ వైఫైలో సెకనుకి 20 ఎంబీ చొప్పున పాకితే ఐదున్నర గంటలు. కేబుల్లో 100 చొప్పున పోతే గంట పైచిలుకు. ఆ తర్వాత రోజువారీ కొసరుకి వైఫై చాలు. ఇవన్నీ నీకు తెలిసినవే.

2015 డిసెంబరు 1 రాత్రి సంగతి మాత్రం నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడు మేం సైదాపేటలో, అడయారు నదికి దగ్గర్లో ఉండేవాళ్లం. పొద్దుట్నుంచీ ఒకటే వాన. చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదిలారట అని పక్కింటాయన తలుపు కొట్టేసరికి గుమ్మంలో చెప్పులు తేలుతున్నాయి. బియ్యం, బీరువాలో కాగితాలు, మీ అత్తయ్య కుట్టుమిషను, అన్నీ మేడమీదకి మోశాను. కంప్యూటరు దగ్గర ఒక్క క్షణం ఆగి, ‘దీంట్లోదంతా బ్యాకప్‌లో ఉందిలే’ అనుకుని వదిలేశాను. ఆ బ్యాకప్ డబ్బా ఎక్కడుందనుకున్నావ్? మెట్ల కింద, రూటర్ పక్కన, చెప్పుల స్టాండు వెనకాల. కంప్యూటరుకి వైరుతో కట్టేసి ఉండనక్కర్లేదు కదా అని, కంటికి అడ్డం లేకుండా నేనే దాచాను. దాచి మర్చిపోయాను.

నీళ్లు తీశాక విప్పితే బురద కారింది. మీ అమ్మమ్మ ఆవకాయ కొలతలు చెబుతుంటే చేసిన రికార్డింగు అందులోనే ఉంది. కారం ఇంత, ఉప్పు ఇంత అంటూ, మధ్యలో ‘ఉండరా, మూడో కూత’ అని కుక్కరు కట్టెయ్యడానికి లేచింది. కొలతలు మీ అత్తయ్యకి వచ్చు. ఆ ‘ఉండరా’ పోయింది.

నాది రెండు డిస్కుల డబ్బా, ఒకదాంట్లో ఉన్నదే రెండోదాంట్లోనూ ఉంటుంది మామయ్యా అంటావు. ఒక డిస్కు చెడితే అది కాపాడుతుంది, నిజమే. నువ్వే పొరపాటున ఫోల్డరు తుడిచేస్తే రెండింట్లోంచీ పోతుంది. నీళ్లొస్తే రెండూ కలిసే మునుగుతాయి, వెర్రిదానా.

కోప్పడ్డాననుకోకు. డబ్బాని గాలి ఆడేలా ఎత్తుమీద పెట్టు. విడిగా ఒక మామూలు యూఎస్‌బీ డిస్కు కొని, ఇంకో కాపీ తీసి నాకు తెచ్చివ్వు. అశోక్ నగర్లో మాది మూడో అంతస్తు. నెలకోసారి భోజనానికొచ్చి తీసుకెళ్లి, కొత్తవి ఎక్కించి మళ్లీ తెద్దువుగాని. పచ్చలైటు వెలిగిందని ఊరుకోక, అప్పుడప్పుడు నాలుగు ఫోటోలు వెనక్కి తెరిచి చూడు.

ఇంకోటి. మీ అమ్మ పాత ఫోను, చార్జింగు ఎక్కడం లేదని బీరువా అడుగున పడేసింది. దాన్ని పారేయనివ్వకు. ఆ ఆవకాయ రికార్డింగు అప్పట్లో తనకీ పంపానేమోనని నాకో అనుమానం.

మీ మామయ్య