అల్ట్రా కావాలా, హై చాలదా?

ప్రశ్న: రైజెన్ 5 5600 ప్రాసెసర్, 8 జీబీ మెమొరీ ఉన్న రేడియన్ ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు, ఒకే స్టిక్‌గా 16 జీబీ ర్యామ్, 1080పీ మానిటర్‌తో తక్కువ ఖర్చులో గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకున్నాను. అల్ట్రా సెట్టింగులలో కొన్ని కొత్త గేములు సాఫీగా నడుస్తున్నాయి, కొన్ని మధ్యమధ్యలో ఆగి ఆగి కదులుతున్నాయి. కార్డు మార్చాలా?

జవాబు: మార్చనవసరం లేదు. మీ కార్డు 1080పీ రిజల్యూషన్‌లో చాలా గేములను హై సెట్టింగులలో హాయిగా నడుపుతుంది, కొన్నింటిని అల్ట్రాలోనూ నడుపుతుంది, కాంతి కిరణాల దారిని లెక్కగట్టి వెలుతురు, నీడలు గీసే రే ట్రేసింగ్‌ను పూర్తిగా పెంచితే మాత్రం చేతులెత్తేస్తుంది. గేమ్‌కీ గేమ్‌కీ ఇంత తేడా ఎందుకంటే, అల్ట్రా బరువు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నీడలు, ప్రతిబింబాలు, పొగమంచు, టెక్స్చర్ల (గోడలు, నేల వంటి వాటి మీద అతికించే చిత్రాల) వంటి అనేక సెట్టింగులను గేమ్ తయారీదారులు తమకు తోచిన మేరకు ఒకేసారి పైకి నెట్టే మీట అది. కొందరైతే ఇంకా మార్కెట్లోకి రాని కార్డులను కూడా దృష్టిలో పెట్టుకుంటారు. 2023 చివర్లో వచ్చిన ‘అవతార్: ఫ్రాంటియర్స్ ఆఫ్ పండోరా’లో అల్ట్రాకు పైన మరో మెట్టు పెట్టి, మామూలు మెనూలో కనిపించకుండా దాచి ఉంచారు. అల్ట్రాలో నడవనంత మాత్రాన పీసీ పనికిరాదని బెంగపడనక్కర్లేదు.

సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద వరుసగా మారే 60 చిత్రాలు రావాలంటే ఒక్కో ఫ్రేమును కార్డు సుమారు 16.7 మిల్లీసెకన్లలో ముగించాలి. 1080పీలో ఒక ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి, 4కేలో సరిగ్గా దానికి నాలుగింతలు ఉంటాయి. మీ మానిటర్ 1080పీది కావడం ఈ విషయంలో మీకు కలిసొచ్చింది. మిగతా సెట్టింగులన్నీ ఆ 16.7 మిల్లీసెకన్లలోంచి తలా కొంత తినేస్తాయి గానీ, టెక్స్చర్ల లెక్క వేరు.

టెక్స్చర్లు కార్డు వేగాన్ని పెద్దగా అడగవు, దాని సొంత మెమొరీలో చోటు అడుగుతాయి. చోటు ఉన్నంతవరకు వాటిని పైమెట్టులో ఉంచినా ఫ్రేములు దాదాపు తగ్గవు. చోటు చాలనప్పుడు మిగిలిన భాగం పీసీ ర్యామ్‌లోకి వెళుతుంది, అవసరమైన ప్రతిసారీ మదర్‌బోర్డు స్లాట్ మీదుగా వెనక్కి రావలసి ఉంటుంది. మీ కార్డు తన సొంత మెమొరీ నుంచి సెకనుకు 224 జీబీ వరకు చదవగలదు; అదే స్లాట్ ద్వారా, పీసీఐఈ అనే స్లాట్ ప్రమాణంలో 4.0 తరం బోర్డులో దాదాపు 16 జీబీ, 3.0 బోర్డులో దాదాపు 8 జీబీ మాత్రమే వస్తాయి. మీరు చెప్పిన ఆగి ఆగి కదలడం చాలావరకు ఇక్కడే పుడుతుంది. గేమ్‌లో మలుపు తిరగగానే చిత్రం ఒక్క క్షణం బిగుసుకుపోయినా, ఎదుటి గోడ ముందు మసకగా కనిపించి కాసేపటికి ఇటుకలు తేలినా మెమొరీ నిండిందని అనుమానించవచ్చు. సగటు ఫ్రేమ్ రేట్ బాగానే ఉన్నట్టు చూపిస్తూనే ఆట చికాకు పెట్టే తీరు ఇది. అటువంటి గేములలో టెక్స్చర్లను ఒక్క మెట్టు దించి, గేమ్‌ను మూసి మళ్లీ తెరిచి చూడండి.

ఇక కార్డు వేగాన్ని నిజంగా తినేవి నీడలు, వెలుతురు పడిన పొగమంచు, ప్రతిబింబాలు, అన్నిటికన్నా ఎక్కువగా రే ట్రేసింగ్. ముందు రే ట్రేసింగ్ ఆపండి, తరువాత నీడలను, పొగమంచును హైకి గానీ మీడియంకు గానీ దించండి. ఆటను ఆపి నీడ అంచును పరీక్షగా చూస్తే తప్ప, చాలా గేములలో అల్ట్రాకూ హైకీ తేడా నా కంటికి ఆనదు. ఏటవాలుగా కనిపించే నేల, గోడల టెక్స్చర్లను స్పష్టంగా ఉంచే అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్‌ను మాత్రం 16ఎక్స్‌లోనే ఉంచండి, దాని ఖర్చు నామమాత్రమే. రే ట్రేసింగ్‌ను ఆపడానికి వీలివ్వని గేములు కూడా ఇప్పుడు వస్తున్నాయి. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’కు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి, అందులో ఏఎండీ వైపు కనీస కార్డుగా పేర్కొన్నది మీ ఆర్‌ఎక్స్ 6600నే. అలాంటి గేములను తక్కువ సెట్టింగులతో మొదలుపెట్టడమే మేలు.

అప్పటికీ ఫ్రేములు చాలకపోతే ఏఎండీ అందించే ఎఫ్‌ఎస్‌ఆర్‌ను క్వాలిటీ మోడ్‌లో పెట్టండి. ఇది 1080పీ మానిటర్ మీద గేమ్‌ను 1280×720లో గీసి పెద్దది చేస్తుంది. 4కేలో ఈ పద్ధతి ఎంత బాగుంటుందో 1080పీలో అంత బాగుండదు, ఆకులు, తీగలు, జుట్టు కదిలేటప్పుడు మెరమెరలాడతాయి. అందుకే నేను ముందు నీడలు తగ్గించి, ఆ తరువాతే దీన్ని వాడమంటాను.

మీ పీసీలో నాకు నిజంగా లోపంగా కనిపించింది ఒకే స్టిక్ ర్యామ్. డీడీఆర్4 3200 ర్యామ్ ఒక చానెల్ (ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య దారి; ఒకే స్టిక్ ఉంటే ఒకటే వాడుకలో ఉంటుంది)‌లో సెకనుకు 25.6 జీబీ అందిస్తే, రెండు చానెళ్లలో 51.2 జీబీ అందిస్తుంది. ఉన్నదానికి జోడీగా అలాంటిదే మరో స్టిక్ వేసి, మదర్‌బోర్డు పుస్తకంలో చెప్పిన స్లాట్లలో పెట్టి, పీసీ మొదలయ్యేటప్పుడు తెరవగల సెటప్ మెనూ అయిన బయోస్‌లో ఎక్స్‌ఎంపీని ఆన్ చేయండి. అది ఆన్‌లో లేకపోతే 3200 అని కొన్న ర్యామ్ చాలా బోర్డులలో అంతకంటే తక్కువ వేగంతోనే నడుస్తుంది.

ఎక్కడ ఇరుకు పడుతుందో మీరే తేల్చుకోవచ్చు. గేమ్ నడుస్తుండగా రేడియన్ సాఫ్ట్‌వేర్ ఓవర్‌లేలో కార్డు వినియోగం చూడండి. 97 నుంచి 99 శాతం దగ్గర నిలిస్తే భారం కార్డు మీదే ఉంది, సెట్టింగులు దించితే ఫలితం కనిపిస్తుంది. ఫ్రేమ్ రేట్‌కు ఏ పరిమితీ పెట్టకపోయినా అది 60, 70 శాతం దగ్గరే తచ్చాడుతుంటే, కార్డు ప్రాసెసర్ కోసమో ర్యామ్ కోసమో ఎదురుచూస్తోందని అర్థం. ఆ స్థితిలో నీడలు ఎంత తగ్గించినా ఫ్రేములు పెద్దగా పెరగవు, కార్డు మార్చినా అంతే.

ప్రశ్న: నా పీసీలో ఒక గేమ్ 30 ఫ్రేములే ఇస్తోంది. ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తే అల్ట్రాలోనే 60 వస్తాయా?

జవాబు: తెర మీద అంకె దాదాపు అంతకు చేరవచ్చు, ఆట మాత్రం అలా అనిపించదు. గేమ్ గీసిన రెండు ఫ్రేముల మధ్య ఈ పద్ధతి ఒక కల్పిత ఫ్రేమును చొప్పిస్తుంది. అందుకోసం తరువాతి అసలు ఫ్రేము తయారయ్యేదాకా ఆగాలి కాబట్టి, మీరు మౌస్ కదిపిన ఫలితం 30 ఫ్రేములప్పటి కంటే ఇంకొంచెం ఆలస్యంగానే కనిపిస్తుంది. పైగా ఇదీ కార్డు మెమొరీలో కొంత తీసుకుంటుంది. ముందు సెట్టింగులు దించి అసలు ఫ్రేములను 60కి చేర్చండి. ఎక్కువ రిఫ్రెష్ రేట్ ఉన్న, అంటే సెకనుకు 60 కంటే ఎక్కువసార్లు చిత్రం మార్చగల మానిటర్ మీకుంటే అప్పుడు దీన్ని ఆన్ చేయడంలో అర్థం ఉంటుంది.