పాఠకుల ప్రశ్నలు: మాంగా అభిమాని అంటే ఎవరు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. కొంతకాలంగా జపాన్ బొమ్మల పుస్తకాలు కొంటోంది. చేతిఖర్చుకు ఇచ్చే డబ్బులో ఎక్కువ భాగం వాటికే పోతోంది. పుస్తకాన్ని చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదువుతుంది. కిందటిసారి కామిక్స్ అభిమానుల పండుగ కామిక్ కాన్‌కు ఏదో పాత్ర వేషం కట్టుకుని వెళ్ళడం కోసం దర్జీ చుట్టూ తిరిగింది. అడిగితే ‘నేను మాంగా ఫ్యాన్‌ని’ అంటుంది. ఈ వయసులో బొమ్మల కథల మీద ఇంత మోజు ఏమిటి? నేను కంగారు పడాలా?
– ఒక తల్లి, నల్లకుంట

జవాబు: ముందుగా ఆ చివరి పేజీ సంగతి. జపాన్ భాషను సంప్రదాయంగా నిలువు వరుసల్లో, కుడి నుంచి ఎడమకు రాస్తారు. అందువల్ల మనకు వెనక అట్ట అనిపించే చోటే ఆ పుస్తకం మొదలవుతుంది. తొలిరోజుల్లో ఇంగ్లీషు అనువాదాలు వేసినవారు బొమ్మలన్నిటినీ అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చువేసేవారు; దానితో కుడిచేత్తో కత్తి పట్టవలసిన వీరులంతా ఎడమచేతివాటం వారైపోయారు. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల నుంచి ఆ పద్ధతి తగ్గి, జపాన్ వరుసలోనే వేయడం మామూలైంది. కాబట్టి మీ అమ్మాయి చదువుతున్నది సరైన వైపు నుంచే.

బొమ్మలున్న పుస్తకమైతే పిల్లల పుస్తకమే అనుకోవడం మనకు అలవాటు (ఆ మాటకొస్తే ‘చందమామ’ వచ్చిన రోజున ఇంట్లో పెద్దలే ముందు అందుకునేవారు). జపాన్‌లో అబ్బాయిలకు, అమ్మాయిలకు, యువకులకు, వయసు వచ్చిన స్త్రీలకు వేర్వేరు మాంగా (బొమ్మల కథల) పత్రికలు ఉన్నాయి. బేస్‌బాల్ లాంటి ఆటల నుంచి వంట దాకా, చరిత్ర నుంచి ఆఫీసు జీవితం దాకా వాటిలో రాని విషయం అరుదు. అబ్బాయిల వారపత్రికలో వచ్చింది కదా అని తేలిక కథ అనుకోవడానికీ లేదు. ఆరేళ్ళ వయసులో హిరోషిమా అణుబాంబు నుంచి బతికి బయటపడిన కెయిజి నకజావా, ఆ అనుభవం ఆధారంగా ‘బేర్‌ఫుట్ జెన్’ను 1973లో మొదలుపెట్టింది ‘షోనెన్ జంప్’ అనే అబ్బాయిల వారపత్రికలోనే. అయితే అన్నీ అన్ని వయసుల వారికీ తగినవి కావన్నది కూడా నిజమే. మీ ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళుంటే ఇంగ్లీషు సంపుటాల అట్ట మీద వేసే వయసు సూచన ఒకసారి చూడండి.

ఇక అభిమానం మాట. మాంగాలో చాలా భాగం ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చి, తరవాతే పుస్తకమవుతుంది. 1968లో పుట్టిన ‘షోనెన్ జంప్’లో ఒక్కొక్క కథకు వారానికి దాదాపు ఇరవై పేజీలు, రచయిత, సహాయకులు కలిసి వారం తిరిగేలోగా వాటిని గీసి ఇవ్వాలి. పత్రికతో పాటు వచ్చే కార్డు మీద పాఠకులు తమకు బాగా నచ్చిన మూడు కథల పేర్లు రాసి పంపుతారు. ఆ లెక్కలో వెనకబడ్డ కథను కొద్ది నెలల్లోనే ముగించేస్తారు. ఈ పద్ధతి నిర్దయగానే ఉంటుంది, ఎందరో చిత్రకారుల ఆరోగ్యం దీనికి బలైంది కూడా. కానీ 1994 చివర్లో ఆ పత్రిక ఒక్క సంచిక 65 లక్షల ప్రతులు దాటి అచ్చయిందంటే, పాఠకుడి మాటకు అక్కడ ఎంత విలువ ఉందో ఊహించవచ్చు. ఒకప్పుడు మన ఇళ్ళల్లో వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చింపి, వరుసగా పేర్చి, దారంతో కుట్టి పుస్తకం చేసుకున్న అమ్మలు, అమ్మమ్మలు ఉండేవారు. మీ అమ్మాయికి ఉన్నదీ ఆ ఆత్రమే, కాకపోతే కుట్టే పని ప్రచురణకర్తే చేసి పెడుతున్నాడు. 1997లో మొదలైన ‘వన్ పీస్’ అనే మాంగా నూరో సంపుటం 2021లో వచ్చింది. కథ ఇంకా నడుస్తూనే ఉంది. పదేళ్ళప్పుడు చదవడం మొదలుపెట్టినవారు ఇప్పుడు తల్లిదండ్రులై ఉంటారు.

వేషం గురించి ఎక్కువగా చింతించకండి. అభిమానులు కొనడంతో సరిపెట్టుకోకపోవడం మాంగాలో పాత సంగతి. 1975 డిసెంబరులో టోక్యోలో జరిగిన మొదటి కామికెట్‌కు వచ్చినవారు సుమారు 700 మంది. తాము గీసి, తామే అచ్చువేయించుకున్న పుస్తకాలను ఒకరికొకరు అమ్ముకోవడానికి ఏర్పడిన సంత అది. ఇప్పుడు అక్కడికి లక్షల్లో వస్తున్నారు. ‘క్లాంప్’ అనే ప్రసిద్ధ చిత్రకారిణుల బృందం అలాంటి సొంత ప్రచురణలతోనే మొదలైంది. మన హైదరాబాద్ కామిక్ కాన్‌లో వేషాలు కట్టేవారిని దగ్గరగా చూస్తే, అట్టముక్కతో కత్తి చేయడానికీ, కాలరు కోణం బొమ్మలో ఉన్నట్టే రావడానికీ వాళ్ళు పడ్డ పాటు తెలుస్తుంది. అది శ్రద్ధగా చదివినవారికే వస్తుంది. ఒక పాత్ర చొక్కాకు ఎన్ని గుండీలున్నాయో మామూలు పాఠకుడు గమనించడు.

డబ్బు సంగతి మాత్రం మీరు మాట్లాడవలసిందే. నెలకు ఇంత అని ఒక హద్దు పెట్టండి. ఆ తరవాత ఒక సాయంత్రం, తనకు బాగా నచ్చిన పేజీ ఒకటి తెచ్చి చూపించమని అడగండి. ‘ఇది ఎందుకు నచ్చింది?’ అన్న ప్రశ్నకు ఆ అమ్మాయి ఇచ్చే జవాబుతో, కంగారు పడాలో లేదో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను యానిమే (జపాన్ యానిమేషన్) తెలుగు, ఇంగ్లీషు డబ్బింగుల్లో చూస్తాను. మాంగా ఫోన్‌లో ఊరికే దొరికే సైట్లలో చదివాను. ఒక్కో పుస్తకం నాలుగైదు వందలు పెట్టి కొనే స్తోమత నాకు లేదు. హాస్టల్లో అలమర నిండా సంపుటాలున్న మిత్రులు ‘నువ్వు అసలైన ఫ్యాన్‌వి కావు’ అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: అలమరను బట్టి అభిమానాన్ని కొలిచే మాటైతే పుస్తకాల షాపు యజమానిని మించిన అభిమాని ఉండడు. పాత్రల పేర్లు, పోరాటాల్లో వాళ్ళు వేసే దెబ్బల పేర్లు అడిగి పరీక్షలు పెట్టే మిత్రులను కూడా పట్టించుకోకండి. అది ఎంసెట్ కోచింగ్ మిగిల్చిన జబ్బు. కానీ మీ ప్రశ్నలో రెండు చోట్ల నాకు అభ్యంతరం ఉంది.

మొదటిది, యానిమే చూడటం మాంగా చదివినట్టు కాదు. తాకెహికో ఇనోవే 1990 నుంచి 1996 వరకు గీసిన ‘స్లామ్ డంక్’ అనే బాస్కెట్‌బాల్ కథ చివరి సంపుటాన్ని ఎక్కడైనా సంపాదించి చూడండి. ఆఖరి ఆట ఆఖరి క్షణాలకు వచ్చేసరికి మాటల బుడగలు దాదాపుగా మాయమైపోతాయి. అరుపులూ లేవు, వ్యాఖ్యానమూ లేదు. పరుగెత్తే కాళ్ళు, చెమట పట్టిన ముఖాలు, గడియారం, బంతి, అంతే. ఒకే జట్టులో ఉన్నా మొదటి నుంచీ ఒకరికొకరు పడని ఆటగాళ్ళు సకురాగి, రుకావా; ఆ క్షణంలో రుకావా బంతిని సకురాగి చేతికి అందిస్తాడు. అది వలలో పడ్డాక రెండు పేజీలు కలిపి ఒకటే బొమ్మ: ఆ ఇద్దరి అరచేతులు చరుచుకోవడం. తెర మీద ఇదే దృశ్యానికి ఎంత సమయం ఇవ్వాలో దర్శకుడు నిర్ణయిస్తాడు. పేజీ మీద ఆ నిర్ణయం మీది. బొమ్మల గళ్ళు చిన్నవయ్యేకొద్దీ కన్ను వేగంగా పరుగెత్తుతుంది, పెద్ద బొమ్మ దగ్గర తనంతట తానే ఆగుతుంది. ఆ వేగాన్ని ఇంకు గీతలతో నడిపించడమే మాంగా చిత్రకారుడి విద్య. దాన్ని పట్టుకోగలిగినవాడు ఒక్క సంపుటం చదివినా అభిమానే. యానిమే ఎంత చూసినా ఈ రుచి తెలియదు.

రెండోది ఆ సైట్లు. అనుమతి లేని అనువాదాల వల్లే జపాన్ బయట చాలామందికి మాంగా పరిచయమైందన్న మాట కాదనలేం. అయినా కథలు బతకడం పత్రిక కొని చదివే పాఠకుల మీద ఆధారపడిందని పైన చెప్పుకున్నాం. దొంగ ప్రతులు పెట్టిన ‘మాంగామురా’ అనే పెద్ద సైటు 2018లో మూతపడింది. దాన్ని నడిపిన వ్యక్తికి 2021లో జపాన్ కోర్టు మూడేళ్ళ జైలు వేసింది. మీలాంటివారికి ఇప్పుడు వేరే దారి ఉంది. ‘షోనెన్ జంప్’ ప్రచురణకర్త షూయేషా 2019 జనవరిలో ‘మాంగా ప్లస్’ అనే యాప్ తెచ్చింది. అందులో చాలా కథల మొదటి అధ్యాయాలు, తాజా అధ్యాయాలు ఇంగ్లీషులో ఉచితంగా చదవవచ్చు. మధ్యలోవి కావాలంటే నలుగురు కలిసి తలా ఒక సంపుటం కొని మార్చుకోండి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలు ఓపికగా తిరగేయండి; వరుస సంపుటాలు దొరకడం కష్టం, ఒక్కోసారి మూడోది దొరికి మొదటిది దొరకదు. డిసెంబరులో బుక్ ఫెయిర్ ఎలాగూ ఉంది. అలమర ఉన్న ఆ మిత్రులనే అప్పు అడగండి. పుస్తకం ఇచ్చి, చదివించి, దాని గురించి మీతో పోట్లాడేవాడు అభిమాని. ఇవ్వనివాడు సేకరణకర్త మాత్రమే.

ప్రశ్న: నేను విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మనవడు మాంగా చదవమని పోరుతున్నాడు. ఈ వయసులో దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, వారాసిగూడ

జవాబు: ఒసాము తెజుకా ‘బుద్ధ’తో మొదలుపెట్టండి మాస్టారూ. తెజుకా (1928–1989) వైద్యం చదివి బొమ్మల్లోకి వచ్చిన మనిషి. నేటి మాంగా రూపానికి ఆయన వేసిన బాటే ఎక్కువ. ‘బుద్ధ’ 1972 నుంచి 1983 వరకు సీరియల్‌గా వచ్చింది. ఇంగ్లీషులో ఎనిమిది సంపుటాలున్నాయి. జాతక కథలు, బుద్ధచరిత్ర తెలిసిన మీకు కొన్నిచోట్ల కోపం రావచ్చు. ఆయన చరిత్రలో లేని పాత్రలను కల్పించాడు, గంభీరమైన ఘట్టం మధ్యలో హాస్యం చొప్పించాడు. మొదటి సంపుటం చాలా మేరకు ఛప్ర అనే దాస బాలుడు, తత్త అనే అంటరాని పిల్లవాడు, వాళ్ళను తొక్కిపెట్టే కులం చుట్టూ తిరుగుతుంది. సిద్ధార్థుడి కోసం అందులో వెతకవద్దు. ఆయన కథ రెండో సంపుటం నుంచి నడుస్తుంది. కాబట్టి మనవడి దగ్గర మొదటి రెండూ కలిపి తీసుకోండి.